తెలియవచ్చుచున్నది

ఆ సోమవారం పొద్దున కామాగారు పెట్టుకున్న పని ఒక్కటే. ఆఫీసులో అందరూ తమ్ముడనే పక్క బల్ల కుర్రాడి కన్నా పది నిమిషాలు ముందుగా అక్కడ అడుగు పెట్టాలి. అందుకోసం ఇస్త్రీ చొక్కా ముందురోజే తీసి పెట్టుకున్నారు. గడ్డం గీసుకుంటూనే కాఫీ తాగి, దాంతోపాటు సబ్బు నురగ కూడా రెండు గుటకలు మింగారు. ఇంతా చేసి గుమ్మం దాటబోతుంటే వంటింటి కిటికీ మూసిన చప్పుడు, దాని వెనకే భార్య గొంతు వినిపించాయి.

"ఎంత హాయిగా పడుతోందో ఈ గడియ. పాపం, మంచి పిల్లాడు."

ఆ మంచి పిల్లాడు తమ్ముడే. ఆ కిటికీ గడియ రెండేళ్ళు ఊడి వేలాడింది. కామాగారు దాన్ని రేపు బిగిస్తానని చెప్పి ఒక తాడు కట్టారు, ఆ రేపు రాక ముందే తాడు కూడా చివికింది. ఒకరోజు ఏదో ఫైలు ఇవ్వడానికి వచ్చిన తమ్ముడు, మంచినీళ్ళు తాగుతూ తాగుతూ దాన్ని చూసి, స్క్రూడ్రైవరు అడిగి, గ్లాసు కింద పెట్టేలోగా బిగించి పోయాడు. కిటికీ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మూస్తారు. కాబట్టి రోజుకు రెండుసార్లు కామాగారి కళ్ళలో నిప్పులు పడేవి.

ఆయన పని చేసేది బస్సుల సంస్థలో, ఫిర్యాదుల విభాగంలో. గదిలో రెండు బల్లలు, నాలుగు ఇనప అలమార్లు. కిటికీ పక్కన మూడో బల్ల, దాని వెనక చేతులున్న కుర్చీ. ఆ కుర్చీ సూపరింటెండెంటుది. ఆయన రిటైరై నెలన్నర అయింది, కుర్చీ ఖాళీగా ఉంది. దానికి ఎదురుగా కూర్చునే సహాయకులు ఇద్దరే. పంతొమ్మిదేళ్ళుగా ఉన్న కామాగారు ఒకరు, మూడేళ్ళ కిందట వచ్చిన తమ్ముడు ఒకడు. ఆ కుర్చీ ఎవరికిస్తారో నెలాఖరుకు తేలుతుంది. కామాగారు దాని వంక చూడని గంట లేదు. తమ్ముడు దాని వంక చూసేవాడు కాదు, వచ్చినవాళ్ళ గొడుగులు తగిలించడానికి మాత్రం వాడుకునేవాడు. అది కూడా కామాగారికి ఓర్చుకోరాని సంగతే. తనకు నోరూరే చోట ఒకడు గొడుగు తగిలిస్తే ఎవరికి మాత్రం మంట పుట్టదు?

కామా అన్నది ఆయన పెట్టుకున్న పేరు కాదు. ఎవరు ఏ ఉత్తరం రాసి తెచ్చినా ఒక కామా తక్కువైందని తిప్పి పంపేవారు, అందుకని వచ్చింది. తమ్ముడికి ఆ పేరు రావడానికి కారణం వేరు. అందరినీ అన్నా, అక్కా అని పిలుస్తాడు, కాబట్టి మేనేజరుగారితో సహా అందరికీ తమ్ముడయ్యాడు. గొడుగు పోయిందని అరుచుకుంటూ వచ్చిన ఆవిడ తమ్ముడి బల్ల దగ్గర పావుగంట కూర్చుంటే, గొడుగు దొరక్కపోయినా నవ్వుకుంటూ వెళ్ళిపోయేది. అదే ఆవిడకు కామాగారు నాలుగు పేరాల జవాబు పంపితే, ఆ జవాబు మీద ఇంకో ఫిర్యాదు వచ్చేది.

అయితే ఉత్తరం రాయడంలో కామాగారిని కొట్టేవాడు లేడు. ఆ ఆఫీసులో రాతకోతలన్నీ ఇంగ్లీషులోనే. అందులోనూ ఫిర్యాదుల విభాగం ఇంగ్లీషుకు ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ ఎవరూ ఏమీ అనరు, అంతా అనబడుతుంది. ఎవరూ విచారించరు, విచారం వ్యక్తం చేయబడుతుంది. కండక్టరు కసిరాడు అని రాస్తే, చూశావా అని అడుగుతారు. 'ఇట్ ఈజ్ అలెజ్డ్ దట్', ఆరోపించబడుతోంది, అని మొదలుపెడితే అడిగే దిక్కు లేదు. కామాగారి బడిలో పంతులుగారు కర్త, కర్మ, క్రియ అని మూడూ ఉంటేనే వాక్యమని బెత్తంతో నేర్పారు. ఇంగ్లీషులో కర్తను దాచేసినా వాక్యం నిలబడుతుందని, పైగా కర్త లేని వాక్యమే పెద్దమనిషిలా కనబడుతుందని ఆయన ఉద్యోగంలో చేరాక తెలుసుకున్నారు. మన మాటలో ఇంత పనిని ఒక్క 'ట' చేసేస్తుంది. వచ్చాడట, పోయాడట. కాని ఆ 'ట' వినగానే ఎదుటివాడు ఎవరన్నారు అంటాడు. ఇంగ్లీషు వాక్యాన్ని అలా అడగడానికి ఎవరికీ నోరు రాదు.

సరే, ఆ సోమవారం బస్సెక్కితే కండక్టరు టికెట్టు చింపుతూ, మీ సెక్షన్లో ఆయన ఈ బస్సులో రారేం అని అడిగాడు. ఏ ఆయన అని కామాగారు అడగలేదు. పది నిమిషాలు ముందుగానే ఆఫీసు మెట్లెక్కారు. గది తలుపు తీసే ఉంది. లోపల తమ్ముడు కిటికీ వైపు తిరిగి ఫోనులో మాట్లాడుతున్నాడు.

"ఖాయం అయిపోయినట్టే. ఒకటో తారీఖు నుంచి అక్కడే. లేదు, ఇక్కడెవరికీ చెప్పలేదు. అన్నకి కూడా తెలీదు, తెలిస్తే ఏమంటాడో మరి."

కామాగారు గుమ్మంలోనే ఆగి, రెండడుగులు వెనక్కి వేసి, దగ్గుతూ మళ్ళీ లోపలికి వచ్చారు. తమ్ముడు ఫోను పెట్టేసి, ఏంటన్నా ఇంత పొద్దున్నే అని నవ్వాడు. ఆ నవ్వులో ఏదో దాపరికం ఉందని కామాగారికి ఇట్టే తెలిసిపోయింది. ఊరవతల కొత్తగా ఇంకో బస్సుల సంస్థ పెట్టారు, అక్కడ మనుషుల్ని తీసుకుంటున్నారు. చిక్కు ముడి విడిపోయింది. వీడు పోతున్నాడు.

పోతే కుర్చీ తనదే కదా, సంతోషించి ఊరుకుంటే ఈ కథే లేదు. కాని ఓర్వలేనితనానికి ఒక గుణం ఉంది. ఎదుటివాడు పోవడం దానికి చాలదు, పోయేవాడు పరువు పోగొట్టుకుని పోవాలి. పైగా కుర్చీ తమ్ముడికిచ్చాక అతను దాన్ని కాదని పోతే, మిగిలిన ఎంగిలి కుర్చీ తనకొస్తుందేమో. అందుకని మేనేజరుగారికి ముందే తెలియాలి. ఎలా తెలియాలి? మేనేజరుగారికి చాడీలంటే గిట్టదు. ఎవరు ఏం చెప్పబోయినా ఆయన మొదటి మాట, నీకెవరు చెప్పారు అనే. గుమ్మంలో నిలబడి విన్నానని చెప్పుకోవడం ఎలా?

ప్రతి సోమవారం విభాగం నుంచి మేనేజరుగారికి ఒక నివేదిక వెళ్తుంది. వచ్చిన ఫిర్యాదులు, జవాబిచ్చినవి, ఇతర విషయాలు. ఇతర విషయాల కింద పంతొమ్మిదేళ్ళుగా కామాగారు 'నిల్' అని రాస్తున్నారు. ఆ రోజు 'నిల్' రాయలేదు. కలం మూత తీసి, కాసేపు గాలిలో రాసుకుని, ఆఖరికి కాగితం మీద పెట్టారు. 'ఇట్ ఈజ్ అండర్‌స్టుడ్ దట్ వన్ ఆఫ్ ది అసిస్టెంట్స్ ఈజ్ ఎక్స్‌పెక్టెడ్ టు జాయిన్ అనదర్ కంపెనీ.' సహాయకులలో ఒకరు వేరే సంస్థలో చేరవచ్చునని తెలియవచ్చుచున్నది. ఎవరికి తెలియవచ్చింది? లేదు. ఎవరు అనుకుంటున్నారు? లేదు. పేరు కూడా రాయలేదు, తప్పు రుజువయ్యేదాకా పేరు రాయకూడదన్నది ఆ విభాగం నియమం. రాసింది మూడుసార్లు చదువుకున్నారు. పాము చచ్చింది, కర్ర విరగలేదు సరికదా, కర్ర పట్టినవాడే లేడు.

మర్నాడు మేనేజరుగారు పిలిచి తలుపు వెయ్యమన్నారు. బల్ల మీద నివేదిక ఉంది. చివరి పంక్తి కింద పెన్సిల్ గీత.

"చదివాను. అర్థమయింది," అన్నారు మేనేజరుగారు.

"మీకు అర్థమైతే చాలండి."

"ఎవరని నేను అడగను. అడగాల్సిన పని కూడా లేదు."

"అదే మీ పెద్దరికం."

"ఎన్నాళ్ళ నుంచి ఉందండీ ఈ ఆలోచన? నాతో నేరుగా ఒక్క మాట అనొచ్చుగా."

"నేరుగా అంటే బాగుండదనిపించిందండి. అందుకే అలా రాయాల్సి వచ్చింది. ఒకటో తారీఖుకల్లా అంతా అయిపోతుందనుకుంటాను."

మేనేజరుగారు కళ్ళజోడు తీసి తుడిచారు. సంస్థకు ఇది పెద్ద దెబ్బేనని నెమ్మదిగా అన్నారు. కామాగారు తొందరపడి, అంత దెబ్బ ఏమీ ఉండదని, ఆ మాత్రం పని ఎవరైనా చేస్తారని, నాలుగు రోజులు పోతే ఆ మనిషి ఉన్నాడన్న సంగతే ఎవరికీ గుర్తుండదని చెప్పారు. మేనేజరుగారు ఆయన్ని తేరిపార చూశారు. ఆ చూపులో తడి ఉంది. ఎవరు చెప్పారన్న ప్రశ్న మాత్రం రాలేదు. కామాగారు గాలిలో తేలుతూ బయటికి వచ్చారు.

బుధవారం మేనేజరుగారు తమ్ముణ్ణి పిలిపించారు. అద్దం తలుపులోంచి కామాగారికి అంతా కనిపించింది, వినపడలేదు గాని. మేనేజరుగారు ఏదో చెప్తున్నారు. తమ్ముడు ముందు నిటారుగా నిలబడ్డాడు, తరవాత తల వాల్చాడు, ఆ తరవాత జేబురుమాలు తీశాడు. కామాగారు ఆ పూట రెండు టీలు తాగారు. తమ్ముడు బయటికి వచ్చి తిన్నగా ఆయన బల్ల దగ్గరకే వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నా, నాకు ముందే ఒక్క మాట చెప్పాల్సింది. ఇలా కాగితంలో చూసి తెలుసుకోవాలా?"

"ఆఫీసు పద్ధతి అలాంటిది. మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోను. కానీ మీరు ఇంత పని చేస్తారనుకోలేదు."

"చెయ్యాల్సి వచ్చింది," అన్నారు కామాగారు, బల్ల మీద లేని ధూళి తుడుస్తూ.

ఆ మర్నాటి నుంచి ఆఫీసు రంగు మారింది. అటెండరు చెప్పకుండానే ఆయన బల్ల తుడిచాడు. పక్క విభాగాల వాళ్ళు వచ్చి చెయ్యి కలిపి, మనసులో మాట బయటికి రానివ్వకుండా వెళ్ళిపోయారు. తిప్పి పంపిన ఉత్తరాల మీద ఏళ్ళ తరబడి ఆయనతో మాట్లాడని టైపిస్టమ్మ, మీరు పెట్టిన కామాలన్నీ కరెక్టేనండీ అని చెప్పి కళ్ళు తుడుచుకుంది. కుర్చీ సంగతి అందరికీ తెలిసిపోయిందన్నమాట, నోరు విప్పొద్దని మేనేజరుగారు చెప్పి ఉంటారు అనుకున్నారు కామాగారు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చుని చూశారు. కుడి చెయ్యి కొంచెం కిర్రుమంది. కుర్చీ మీద తగిలించి ఉన్న గొడుగును తీసి మూలన పడేశారు.

ఒక్కటే ముల్లు. తమ్ముడు పోవడం లేదు. పోవాల్సినవాడు తలవంచుకు తిరగాలి గదా, వీడి చుట్టూ జనం ఇంకా ఎక్కువయ్యారు. భుజం తట్టి గుసగుసలాడుతున్నారు. దొంగచాటుగా ఉద్యోగం మారుతున్నవాడికి ఓదార్పులేమిటి, తనకు రాని ఓదార్పులు వాడికెందుకు రావాలి? రెండో సోమవారం ఇతర విషయాల కింద ఇంకో రెండు పంక్తులు పడ్డాయి. అతను ఇక్కడ తృప్తిగా లేడని చెప్పబడుతోంది. ఒకటో తారీఖుకు ముందే అతన్ని విడుదల చేయుట మంచిదని భావించబడుతోంది.

ఈసారి మేనేజరుగారు తలుపు కూడా వెయ్యమనలేదు. కాగితం పక్కన పెట్టి, కంగారు పడకండి, నెలాఖరుకల్లా పంపించేస్తాం, ఎవర్నీ కట్టిపడేసే ఉద్దేశం మాకు లేదు అన్నారు. మాటలో కొంచెం నొచ్చుకోలు ఉంది. తమ్ముడంటే ఈయనకు ఇంత ప్రేమేమిటా అనుకుంటూ, వచ్చేటప్పుడు కామాగారే తలుపు గట్టిగా వేశారు.

ఆ గురువారం సాయంత్రం మరో దెబ్బ తగిలింది. ఇంటి మలుపు తిరిగేసరికి తమ్ముడు ఆయనింటి గేటు తీసుకుని బయటికి వస్తున్నాడు. కామాగారిని చూడలేదు, ఈల వేసుకుంటూ అటే పోయాడు. లోపల భార్య పీట మీద కూర్చుని ఉంది. మొహం వెలిగిపోతోంది, చేతిలో కొలతలు తీసే టేపు.

"వాడెందుకొచ్చాడు?"

"ఎవరు? ఓ, అతనా? ఊరికే. దారిలో పోతూ పోతూ."

"ఊరికే వచ్చినవాడికి టేపెందుకు?"

"గడియ చూద్దామని," అంది ఆమె, టేపు చుట్టేస్తూ.

గడియ రెండోసారి చెడిందన్న మాట వినగానే ఆయనకు అన్నం దిగలేదు. కిటికీ దగ్గరకు వెళ్ళి చూస్తే గడియ భేషుగ్గా ఉంది. దాంతో ఉన్న అనుమానానికి ఇంకో రెండు కొమ్మలు మొలిచాయి.

అసలు జరిగింది వేరు. తమ్ముడు వచ్చి, వదినా, నెలాఖరు శుక్రవారం అన్నకి ఆఫీసులో సన్మానం, మీరూ రావాలి, అన్నకి తెలియనివ్వకండి అన్నాడు. మీకు విషయం తెలిసే ఉంటుంది గదా అని కూడా అన్నాడు. ఏ విషయమో ఆమెకు తెలియదు, కుర్చీ వచ్చిన సంగతే అయి ఉంటుందనుకుంది. కాని మొగుడి సంగతి పరాయివాడి నోట వింటున్నానని ఒప్పుకునే ఇల్లాలెవరు? తెలియకేం, మాకన్నీ మొదటే తెలుసు అంది. అది విని తమ్ముడు, మీరు ధైర్యవంతులు వదినా అన్నాడు. సూపరింటెండెంటు భార్య కావడానికి ధైర్యమెందుకో ఆమెకు అర్థం కాలేదు గాని, సన్మానానికి కుట్టించే చొక్కాకు కొలతలు మాత్రం ఇచ్చి పంపింది.

మూడో సోమవారం కామాగారి కలం అదుపు తప్పింది. 'హీ ఈజ్ నౌ నోన్ టు బి లెస్ కేపబుల్ దాన్ హీ వజ్ థాట్ టు బి.' అనుకున్నంత సమర్థుడు కాడని ఇప్పుడు తెలియవచ్చుచున్నది. మేనేజరుగారు దాన్ని చదివి తానే లేచి ఆయన బల్ల దగ్గరకు వచ్చారు. భుజం మీద చెయ్యి వేశారు.

"ఇది మాత్రం నేనొప్పుకోను. మరీ ఇంత రాయకూడదు."

"ఉన్నమాటే రాశానండి."

"కాదు. ఆ మనిషి సామర్థ్యం నేను కళ్ళారా చూశాను. ఎవరో ఏదో అన్నారని తగ్గించుకుంటామా?"

"అందరూ కలిసి ఎక్కించేశారండి. నిజానికి ఏమీ లేదక్కడ," అన్నారు కామాగారు కసిగా.

మేనేజరుగారు తల అడ్డంగా ఊపుతూ వెళ్ళిపోయారు. ఇలాంటి మనిషిని ఈ సంస్థ మళ్ళీ చూడదని అటెండరుతో అన్నారట.

శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు పెద్ద హాల్లో కుర్చీలు వేశారు. కుర్చీ తనకిచ్చినట్టు ప్రకటించడానికేననుకుని కామాగారు ఇస్త్రీ చొక్కాతో వెళ్ళారు. ముందు వరుసలో భార్య కూర్చుని ఉండటం చూసి మొదట ఆశ్చర్యపోయి, తరవాత గర్వపడ్డారు. ఆ గురువారం సాయంత్రం టేపు సంగతి దానంతట అదే తేటపడింది. అనవసరంగా అన్నం మానుకున్నానని నొచ్చుకున్నారు. వేదిక మీద ఆయనకు మధ్య కుర్చీ వేశారు. పక్కన తమ్ముణ్ణి కూర్చోబెట్టారు. పరువు తీసి పంపడానికి ఇదో పద్ధతి కాబోలు అనుకున్నారు. ఒళ్ళో పెట్టడానికి ఒక పూలగుత్తి, కొలతలకు కుట్టించిన కొత్త చొక్కా, పక్కన గళ్ళ కాగితంలో చుట్టిన ప్రయాణం పెట్టె. సూపరింటెండెంటుకు ప్రయాణం పెట్టె ఎందుకని ఆయనకు ఒక్క క్షణం అనిపించింది. డిపోలన్నీ తిరగాలి గదా అని సర్దుకున్నారు.

మేనేజరుగారు లేచి గొంతు సవరించుకున్నారు. మన మధ్య పంతొమ్మిదేళ్ళు పనిచేసి, మరో సంస్థకు వెళ్ళిపోతున్న కామాగారిని సాగనంపడానికి సమావేశమయ్యాం అన్నారు.

కామాగారు చప్పట్లు కొట్టబోయి ఆగారు.

"ఆయన గొప్పతనం ఒక్కటి చెప్తాను," అన్నారు మేనేజరుగారు. "ఈ మనిషి నోట 'నేను' అన్న మాట ఇంతవరకు మనం వినలేదు. పోయినేడు జ్వరమొస్తే సెలవు చీటీ ఎలా రాశారో తెలుసా? సహాయకులలో ఒకరికి జ్వరము వచ్చినట్లు కనుగొనబడినది అని. ఎవరికండీ అని నేనే వెళ్ళి చూస్తే, ఈయనే వణుకుతూ కూర్చున్నారు. అలాగే ఈసారి కూడా. సహాయకులలో ఒకరు వెళ్ళిపోతున్నట్లు తెలియవచ్చుచున్నది. చదవగానే నాకు అర్థమైపోయింది. ఆఖరికి తాను అనుకున్నంత సమర్థుణ్ణి కాదని కూడా రాసుకున్నారు. వినయమంటే అదీ."

హాలంతా చప్పట్లు. టైపిస్టమ్మ మళ్ళీ కళ్ళు తుడుచుకుంది. ముందు వరుసలో భార్య మాత్రం చప్పట్లు కొట్టడం లేదు. ఆమె చూపు సూదిలా ఉంది.

మేనేజరుగారు ఇంకా ఆపలేదు. ఇప్పుడు చెప్పినా పరవాలేదంటూ, సూపరింటెండెంటు పదవికి కామాగారి పేరే రాసి సొరుగులో పెట్టుకున్నానని, మొదటి నివేదిక వచ్చిన రోజున ఆ కాగితం తన చేతులతోనే చింపానని చెప్పారు. పేరు సూచించింది తమ్ముడేనట. అన్న ఉండగా నాకెందుకండీ అన్నాడట. ఇప్పుడు తప్పనిసరై ఆ కుర్చీ తమ్ముడికే ఇచ్చారు. ఉత్తర్వు పొద్దున్నే వెళ్ళిపోయింది.

కామాగారు లేచి నిలబడ్డారు. అందరూ వీడ్కోలు ఉపన్యాసం అనుకుని కుర్చీల్లో సర్దుకుని కూర్చున్నారు.

"అది నేను కాదండి."

"ఏది కాదు?"

"ఆ రాసింది. నా గురించి కాదు."

"మరెవరి గురించి?" అన్నారు మేనేజరుగారు.

విభాగంలో ఉన్నది ఇద్దరు. మూడో లెక్క లేదు. హాల్లో ఉన్న కళ్ళన్నీ నెమ్మదిగా పక్క కుర్చీ వైపు తిరిగాయి. తమ్ముడు వాళ్ళందరినీ చూసి, తన చొక్కా కేసి చూసుకుని, మళ్ళీ వాళ్ళను చూశాడు.

"నేనా? నేనెక్కడికి పోతానన్నా? మీ పక్కింటి వాటా ఖాళీ అయితే ఒకటో తారీఖు నుంచి అద్దెకి మాట్లాడుకున్నాను. అన్నకి దగ్గరగా ఉండొచ్చని. చేరినరోజు తలుపు కొట్టి చెబుదామనుకున్నా. అంతకు మించి నేను పోయేది లేదు."

కామాగారు లెక్క వేసుకున్నారు. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్తే కొలువు నిలుస్తుంది. కాని పక్కవాడి మీద మూడు వారాలు చాటుగా రాసినవాడని హాలంతా తెలుస్తుంది, ముందు వరుసతో సహా. చెప్పకపోతే పెట్టె పట్టుకుని ఇంటికి పోవాలి. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆయనకు ఒక వాక్యం కావలసి వచ్చింది, దానికి తప్పించుకోలేని కర్త కావలసి వచ్చింది.

"నేనే," అన్నారు ఆఖరికి. "వెళ్దామనుకున్నది నేనే. ఇప్పుడు... మనసు మారింది."

మేనేజరుగారు ఇబ్బందిగా కళ్ళజోడు సర్దుకున్నారు. విడుదల ఉత్తర్వు కూడా వెళ్ళిపోయిందనీ, ఇక ఆ విభాగంలో ఎవరుండాలో ఎవరు పోవాలో చెప్పాల్సింది కొత్త సూపరింటెండెంటేననీ అన్నారు. తమ్ముడు ఆయన మాట పూర్తి కానివ్వలేదు. జేబులోంచి కలం తీసి, పెట్టె మీది గళ్ళ కాగితం కొస చింపి, దాని మీదే రాసి మేనేజరుగారి చేతిలో పెట్టాడు. కామాగారు మెడ చాచి చూశారు. 'ఐ వాంట్ హిమ్ హియర్.' నాలుగే ముక్కలు, ఈయన నాకిక్కడ కావాలని. ఒక్క కామా లేదు. తప్పు పట్టడానికి మాత్రం ఎక్కడా చోటు దొరకలేదు. అది చూసి ఆయనకు కడుపు మళ్ళీ మండింది.

మేనేజరుగారు దాని కింద సంతకం చేశారు. జనం లేచి మళ్ళీ చప్పట్లు కొట్టారు, ఈసారి తమ్ముడి కోసం. పెట్టె తిరిగి ఇవ్వబోతే ఉంచుకోండన్నా, ఎప్పుడైనా పనికొస్తుంది అన్నాడు తమ్ముడు.

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో భార్య వేరే సీట్లో కూర్చుంది. ఇంట్లో అడుగు పెట్టాక ఒక్కటే అడిగింది.

"ఉద్యోగం మానేసి పోదామనుకున్నారా, నాతో ఒక్క ముక్క చెప్పకుండా?"

లేదు అంటే ఎందుకు అబద్ధమాడారంటుంది. అవును అంటే ఎక్కడికి అంటుంది. ఆయన బూట్లు విప్పుకుంటూ, అదంతా ఆఫీసు భాష, నీకు చెప్పినా అర్థం కాదు అన్నారు. అర్థమైందిలెండి అంది ఆమె. ఎంతవరకు అర్థమైందో కనుక్కునే ధైర్యం ఆయనకు లేకపోయింది. రెండు రోజులు ఆమె ఆయనతో మాట్లాడవలసినవన్నీ గోడతో మాట్లాడింది.

ఒకటో తారీఖు ఉదయం పక్కింటి ముందు సామాన్ల బండి ఆగింది. కామాగారు దుప్పటి ముసుగు తన్ని పడుకున్నారు. భార్య వచ్చి దుప్పటి లాగి, పక్కింట్లో బీరువా దింపడానికి ఒక మనిషి తక్కువయ్యాడని, మీ సూపరింటెండెంటుగారు ఒక్కరే పాపం అవస్థ పడుతున్నారని చెప్పింది. ఆయన లేచారు. మెట్ల మీద పైకొస తమ్ముడు పట్టుకున్నాడు, కిందికొస కామాగారు పట్టుకున్నారు.

బీరువా చాలా బరువుగా ఉన్నట్లు తెలియవచ్చింది.